ఒక్కసారే మడవాలి

“లారీలు నేను చెయ్య, బాపూ.”

దేవదాసు తల ఎత్తకుండానే అన్నాడు. జనగామలోని ఆ ఇరుకు గదిలో గోడ నిండా అరలు, అరల నిండా బొమ్మలు. విమానాలు, ఓడలు, రైలింజన్లు. లారీ ఒక్కటి కూడా లేదు.

“గింతింత రైళ్లు చేసెటోనికి లారీ ఎంత పని, బిడ్డా?” అన్నాడు సోమనర్సయ్య. “టేకుమట్ల నుంచి వచ్చిన. భూపాలపల్లి దగ్గర.”

“ఆ దిక్కు నేనెన్నడు రాలే. ఇంతకు బొమ్మ ఎవలికి? మనుమనికా?”

“నా బిడ్డ సాహితిని గుద్దిన లారీ అది. పానం అక్కడ్నే పోయింది. రెండేండ్లయింది.”

దేవదాసు చేతిలోని పట్టకారు ఆగిపోయింది.

“స్కూటీ మీద కాలేజీ నుంచి వస్తుండె. నేను రోడ్డు పక్కనే నిలవడి చూస్తున్న. ఆ డ్రైవర్ ఆగలే. నంబర్ మీద బురద. నంబర్ లేకుంటె ఏం చేస్తమన్నరు పోలీసోళ్లు. పేపర్ల నాలుగు లైన్లు ఏసి ఊకున్నరు. లారీ అడ్డాలన్ని తిరిగిన బిడ్డా. నోటితోని చెప్తె ఎవ్వలకు సమజైతలేదు. బొమ్మ చేతిల పెడితె ఎవడన్న గుర్తు పడ్తడేమో.”

దాన్ని బల్ల మీద పెట్టాడు.

“ఎట్లుండె లారీ?”

“ఎర్ర క్యాబిన్. ముందట అద్దం మీద పసుపు పచ్చ పట్టీ. ఎనుక నీలం పరదా.”

“ఇంకా?”

సోమనర్సయ్య ఏదో చెప్పబోయాడు. అంతలోనే తల అడ్డంగా ఊపాడు.

“గంతే,” అన్నాడు.

దేవదాసు వంగి, మంచం కింద నుంచి దుమ్ము పట్టిన డబ్బా లాగాడు. విడిముక్కలు జోడించి బొమ్మ చేసుకునే లారీ కిట్. సీలు కూడా విప్పలేదు.

“ఉన్నది గద!”

“ఎప్పుడో కొన్న. చెయ్యబుద్ధి కాలే.”

లోపల పల్చటి ఇత్తడి రేకు. ఆ రేకులోనే యాసిడ్‌తో కోసిన కమ్మీలు, మెట్లు, జాలీలు గోరంత ముక్కలుగా ఉన్నాయి. దేవదాసు ఒక జాలీ ముక్కను కత్తిరించి, పట్టకారుతో నొక్కిపట్టి, కింద బ్లేడు పెట్టి మెల్లగా లేపాడు. అంచు నిటారుగా నిలబడింది.

“చీమకు కమ్మలు చేసేటట్టున్నవు!” సోమనర్సయ్య మొదటిసారి నవ్వాడు. “యాడ మడవాల్నో ఎట్ల ఎరుకైతది?”

“గీత ఉంటది. కొన్నొద్దులు చేస్తె చేతికే ఎరుకైతది.” దేవదాసు ముక్కను వెలుతురుకు పట్టాడు. “కాని ఒక్కసారే మడవాలె బాపూ. తప్పు మడిచి, మళ్ల సక్కగ చేద్దామంటె పుటుక్కున ఇరుగుతది.”

పది రోజుల తర్వాత సోమనర్సయ్య మళ్లీ వచ్చాడు. దేవదాసు గడ్డం మాసింది. కళ్లు ఎర్రబడ్డాయి.

“ఇదేంది బిడ్డా, నిద్ర పోతలేవా? పానం బాగలేదా?”

“చూడు బాపూ,” అని బల్ల వైపు చూపించి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు దేవదాసు.

సోమనర్సయ్య లారీని రెండు అరచేతుల్లోకి తీసుకున్నాడు. ఎర్ర క్యాబిన్. పసుపు పచ్చ పట్టీ. నీలం పరదా. నంబరు మీద బురద కూడా. కన్నీటి చుక్క ఒకటి పరదా మీద పడింది.

“అదే. అచ్చం అదే, బిడ్డా. నీ చేతులు సల్లగుండ.”

కండువాతో కళ్లు తుడుచుకుని బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. కుడి వైపు తలుపు కింద ఇత్తడి మెట్టు తిన్నగా ఉంది. ఎడమ వైపు మెట్టు మాత్రం పైకి వంగి, క్యాబిన్‌కు అతుక్కుపోయి ఉంది. ఆ రోజు సాహితి స్కూటీని లారీ ఈడ్చుకుపోయినప్పుడు ఆ మెట్టు సరిగ్గా అలాగే వంగింది.

ఆయన వేలు ఆ మెట్టు మీదే ఆగిపోయింది. కిటికీ దగ్గర దేవదాసు ఇటు తిరగలేదు. సోమనర్సయ్య తల ఎత్తి అతని వీపు వైపు చాలాసేపు చూశాడు.

“మెట్టు వంగిందని నేను నీకు చెప్పలే, బిడ్డా.”