ఆఖరి హాట్ చాక్లెట్

"గింజలు వేగినాయా?" అని అడిగాడు ఆర్‌ఎంపీ డాక్టరు హొన్నూరుస్వామి. మంచం మీద కళ్లు మూసుకొని పడుకున్న రామసుబ్బా తాత నాడి ఆయన చేతిలో ఉంది.

"సగం వేగినాయి సార్," అంది అనూష, వంటింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చి. "తాతకెట్లుండాది?"

"ఇంగ రెండు గంటలు. నువ్వు రుబ్బేది లేటయితే రెండున్నర."

అంత కచ్చితంగా గడువు చెప్పగల డాక్టరు సిరిగేరిలో ఇంకొకడు లేడు. అనూష మళ్లీ వంటింట్లోకి పరుగెత్తింది.

ఆ ఇంటికి కోడలై వచ్చి ఆమెకు ఇరవై రోజులు. పొద్దున ఆరు ఇడ్లీలు తిన్న తాత పదకొండింటికి ఛాతీ పట్టుకొని మంచమెక్కాడు. బళ్లారి ఆసుపత్రికి పోదామని అనూష కాళ్లావేళ్లా పడింది. తాత వద్దన్నాడు. మిగిలింది ఒక్కటే కోరిక అన్నాడు.

"నా మనవని పెండ్లాం చేత్తో హాట్ చాక్లెట్ తాగి పోతా. గింజ కాన్నించి అంతా ఆ పాపే చెయ్యల్ల. ప్యాకెట్టు పొడి కలిపితే మాత్రం నా ఆత్మ యాడికీ పోదు, ఈ దూలాన్నే పట్టుకోని ఉంటాది."

పాపం, తాత తప్పేముంది? సంబంధం మాట్లాడుకున్న రోజు బళ్లారి బ్రూస్‌పేటలోని పుట్టింట్లో అనూష వాళ్లమ్మే గొప్పలు పోయింది, మా అమ్మాయి హాట్ చాక్లెట్ కూడా ఇంట్లోనే చేస్తుందని. చేసే మాట నిజమే. పాలు కాచి, డబ్బాలో పొడి రెండు చెంచాలు వేసి కలుపుతుంది.

దేవుడే పంపినట్టు, మంగళూరుకు సరుకు తోలే అత్తింటివాళ్ల లారీ తిరిగొస్తే, అందులోంచి మొన్ననే ఒక సంచి ఎండు కోకో గింజలు దిగాయి. అనూష ఫోనులో వీడియో పెట్టుకొని బాణలి ముందు నిలబడింది. బయట నలభై మూడు డిగ్రీల ఎండ. లోపల ఎంతో కొలిచే ధైర్యం ఎవరికీ లేదు. గింజలు చిటపటలాడి, పులిసిన వాసన పోయి కమ్మటి వాసన వచ్చేసరికి ఆమెకు ఇక దాచుకోవడం చేతకాలేదు.

"అత్తా, నాకిది రాదు. మా అమ్మ అబద్ధం చెప్పింది."

అత్త సుభద్రమ్మ చేట అందించింది. "రాకపోతే నేర్చుకో. మా మామ పోయేలోపల నేర్చుకుంటే సాలు."

ఇంత నిబ్బరమైన మనిషిని అనూష ఎన్నడూ చూడలేదు. గింజల పొట్టు ఒలిచి, చేటలో చెరిగి, పలుకులన్నీ మిక్సీలో పోయబోయింది.

"మిక్సీ వద్దు... రోలు..." అని వసారాలోంచి నీరసంగా వినిపించింది.

తాత చెవులు ఇంకా పనిచేస్తున్నందుకు ఆమె దేవుడికి దండం పెట్టుకుంది. ఎట్లున్నాడో చూద్దామని గడప దాటగానే, దేశనూరు నుంచి వచ్చిన తాత తమ్ముడి కొడుకు పెదబాబు, ఆయన భార్యాబిడ్డలు గొల్లుమన్నారు. ఆమె లోపలికి పోగానే ఏడుపు ఆగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ గొల్లు. నా ఆలస్యం చూసే వీళ్లకు దుఃఖం తన్నుకొస్తోందని అనూష ఇంకా కుమిలిపోయింది.

రోట్లో పలుకులు మొదట పొడి అయ్యాయి, తర్వాత ముద్ద కట్టాయి. రుబ్బగా రుబ్బగా నూనె తేలి నల్లగా, నున్నగా జారడం మొదలుపెట్టాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. కొత్త ముఖాల మధ్య బిక్కుబిక్కుమంటూ కూర్చున్న మొదటి రోజు, 'అన్నం తిన్నావా తల్లీ' అని అడిగింది ఆ తాత ఒక్కడే. అట్లాంటి మనిషి ఆఖరిగా తాగేది ఒక డబ్బా అబద్ధం కాకూడదు. అనూష కళ్లు తుడుచుకొని మళ్లీ రుబ్బింది.

భర్త కేశవ తల లోపలికి పెట్టాడు. "బేగ, బేగ! తాత కాళ్లు చల్లబడతాండాయి."

"ఈ ఎండలోనా?"

"అందుకే భయమైతాండాది."

చిక్కటి బర్రెపాలు సగానికి సగం మరిగాయి. చక్కెర, చిటికెడు ఉప్పు, రోట్లోని ముద్ద వేసి కలియబెట్టింది. ఇంతలో డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు.

"నురగ రెండు వేళ్ల మందం ఉండల్లంట."

"అట్లని తాత అన్నాడా?"

"పోయేటప్పుడు అందురూ ఏదో ఒకటి అంటారు లేమ్మా."

అనూష కవ్వం దింపి చిలికింది. నురగ రెండు వేళ్లు కాదు, మూడు వేళ్లు లేచింది. ఇత్తడి గ్లాసులో పోసుకొని వసారాలోకి నడిచింది. ఈసారి ఎవరూ ఏడవలేదు. అందరూ గ్లాసు వంకే చూస్తున్నారు.

కేశవ తాత తల ఎత్తి పట్టుకున్నాడు. మొదటి గుక్క అనూషే తాగించింది. రెండో గుక్కకు తాత కళ్లు తెరిచాడు. మూడో గుక్కకు గ్లాసు తానే లాక్కున్నాడు. అడుగున మిగిలింది వేలితో నాకి, మీసాల నురగ తుడుచుకొని, కాళ్లు కిందికి దించి కూర్చున్నాడు.

"కుదిరింది," అన్నాడు.

డాక్టరు నాడి వదిలేసి వంటింట్లో మిగిలిన గిన్నె వైపు లేచాడు. పెదబాబు అంతకుముందే అక్కడున్నాడు. సుభద్రమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"బతికినావా తాతా!" అంటూ అనూష ఆయన కాళ్ల మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. అంత ఏడుపు తాత ఎదురుచూడలేదు. గబగబా ఆమెను లేవనెత్తి, బొబ్బలెక్కిన చేతులు తన చేతుల్లోకి తీసుకొని, తప్పు చేసినవాడిలా గొంతు తగ్గించాడు.

"మీ అత్త కొత్త కోడలుగా వచ్చినప్పుడు గూడా ఇట్లనే మైసూరుపాకు కోసం సచ్చినా తల్లీ."