తినలేనివాడా, తిననివాడా?

నోటిదాకా వచ్చిన ముద్ద ఆకులో పడేసి లేచిపోయేవాడు మనిషేనా అని ఎదురు ఫ్లాటు తారాదేవి ఆంటీ బ్లాకంతా చెప్పుకుంటోందని వసుంధర మోసుకొచ్చింది.

ఆమె మొగుడు గోపీకృష్ణకి ఇది కొత్త సంగతేం కాదు. ముసలాయన లేచిపోయింది తనింట్లోంచే మరి.

నిన్న ప్రమోషను భోజనాలు. కింది అంతస్తు బసవయ్యనీ పిలిచాడు. తాతలనాడే మలయా రబ్బరు తోటలకొచ్చిన కుటుంబం, సింగపూరులో ఈ బుకిట్ పంజాంగ్ పేటలో స్థిరపడ్డ మనిషి.

సైన్స్ పార్కులో గోపీకృష్ణ ఆఫీసు చేసేవి ఆసుపత్రి పంపులు. ముక్కులో వేసిన గొట్టంగుండా జావ కడుపులోకి తోస్తాయి. రోగి చేతిలో ఓ బటన్ ఉంటుంది, నొప్పెడితే నొక్కి ఆపుకోడానికి. ఒక దేశం సైన్యం మూడొందల పంపులు కొంటానంది, ఆ బటన్ తీసేస్తేనే. గోపీకృష్ణ ప్రోగ్రాములోంచి ఆ బటన్‌వి నాలుగు లైన్లు తీసేశాడు. ప్రమోషను అందుకే.

"ఇక తిననివాడికైనా తినిపించేస్తుంది అంకుల్," అన్నాడు పులుసు వడ్డిస్తూ.

బసవయ్య చెయ్యి ఆగింది. "తినలేనివాడికా తంబీ, తిననివాడికా?"

నిరాహారదీక్ష పట్టిన ఖైదీలకట అని చెప్పి, గోపీకృష్ణ నవ్వాడు. "ఏదైతేనేం, కడుపులో పడడమే కదా."

"ఆ బటన్ మళ్లీ పెట్టు."

"కస్టమరు వద్దన్నాడు అంకుల్."

ముసలాయన ఆకు మడిచాడు.

ఆనాటినుంచీ లిఫ్టు దగ్గర కనిపిస్తే చాలు, ఒకటే మాట: పెట్టావా? గోపీకృష్ణ తొమ్మిదంతస్తులూ మెట్లెక్కడం అలవాటు చేసుకున్నాడు.

నెల తిరక్కుండానే పంపులు ఓడెక్కాయి. ఆ వారమే బసవయ్య గుండె ఆగి పోయాడు.

బ్లాకు కింద ఖాళీ జాగాలో శవాన్ని ఉంచారు. తారాదేవి, వసుంధర ముసలాయన భార్య చెన్నమ్మకి చెరోపక్కనా కూర్చున్నారు. గోపీకృష్ణ చెన్నమ్మ దగ్గర వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అంకుల్‌కీ ఎప్పుడో ఆ గొట్టం పెట్టారా అమ్మా?"

"ఆయనకెవరు పెడతారు తంబీ. పెట్టిందే ఆయన."

కుర్రతనంలో తెల్లదొరల సైనిక క్యాంపులో కాంపౌండరట. తిరగబడి పట్టుబడ్డ తోట కూలీలు కూడు మానేస్తే, నలుగురు సిపాయిలు అదిమి పట్టుకునేవారట, ఈయన ముక్కులోకి గొట్టం దించేవాడట. రెండ్రోజులు దించాడట.

"మూడోనాడు పెట్టనన్నాడు. ఆయన్నీ వాళ్ల పక్కనే ఖైదులో పడేశారు, నాలుగేళ్లు. నువ్వెన్నోనాడంటావు తంబీ, ఆ మాట?"