తొమ్మిది అడుగుల దగ్గర

తవ్వుతున్న గోతిలోకి ఎవడో దిగి, దోసిలితో నీళ్ళు తీసి నోట్లో పోసుకుని, పక్కకి ఉమ్మాడు.

సంజీవరావుకి ఒళ్ళు మండింది.

తెనాలిలో సిమెంటు కొట్టు నడిపే ఆయన, బాపట్ల పక్కన ఇసక నేలలో ఈ జీడిమామిడి తోట కొని ఏడాది కాలేదు. తొంభై రెండు వేసవికి చెట్లకి నీళ్ళు చాలలేదు. తోట మధ్యలో పద్దెనిమిది అడుగుల లోతు చెరువుకి ప్లాను వేయించాడు. రేపల్లెలో రొయ్యల చెరువులు తవ్విన పొక్లెయిన్ తెప్పించాడు.

“ఏవయ్యోయ్! ఎవరు నువ్వు? నా చెరువులో ఉమ్ముతావేంటి?”

“చెరువులో కాదండి, గట్టు మీదేనండి. నన్ను ఎజ్రా అంటారండి. పక్క పేటే.”

బురద కాళ్ళతో పైకొచ్చాడు, అరవై దాటిన మనిషి.

“తొమ్మిది అడుగులైంది బాబుగారూ, ఇక్కడితో ఆపించండి. ఈ ఇసకలో తీపి నీరు పైపైనే ఉంటుందండి. కిందంతా ఉప్పే. లోతు వద్దు, వెడల్పు చేయించుకోండి.”

“ఏం చదువుకున్నావు?”

“మూడో క్లాసండి.”

“ప్లాను గీసింది ఇంజినీరు.”

“ఆయన ఈ నీళ్ళు రుచి చూశారాండి?”

పొక్లెయిన్ మీదున్న మస్తాన్‌రావు కిసుక్కున నవ్వాడు. అది తన మీదేనేమోనని సంజీవరావుకి ఇంకా మండింది.

“మిషనొచ్చి నీ పారకి పని పోయిందని ఏడుపు, అంతేగా? కూలి కావాలంటే అడుగు. కట్టుకథలు చెప్పకు.”

“కూలికి రాలేదండి. చెట్లు పోతాయని...”

“నా చెట్లు! నీకెందుకయ్యా? నడు నడు.”

ఎజ్రా చెట్ల వైపు ఒకసారి చూశాడు. వెళ్తూ వెళ్తూ, మేకలు జొరబడకుండా తడిక తలుపు దగ్గరికి లాగి తాడు కట్టాడు.

“దొంగ వినయం,” అన్నాడు సంజీవరావు. “కానీయ్ మస్తానూ, ఇంకో తొమ్మిది.”

మర్నాటికి నీళ్ళు బుగబుగా ఊరాయి.

“చూడమనవయ్యా ఆ పండితుణ్ణి!”

నోట పోసుకుని చూడటం మోటుపని అనిపించి, ఆయన చుక్క కూడా రుచి చూడలేదు. ఆయిలింజను పెట్టి పదిహేను రోజులు తోటంతా తడిపాడు.

పదహారో రోజుకి ఆకుల అంచులు మాడాయి. నెల తిరిగేసరికి కొమ్మలు ఎండటం మొదలైంది.

నీళ్ళు సీసాలో పోసుకుని బాపట్లలో పరీక్ష చేసే ఆఫీసుకి పరుగెత్తాడు. పుష్పలత అనే ఆఫీసరు చూసి పెదవి విరిచింది.

“ఉప్పెక్కేసిందండి. ఇవి చెట్లకి పెట్టకండి.”

“మళ్ళీ తీపవ్వాలంటే?”

ఆవిడ సర్వే నంబరు అడిగి, పాత రిజిస్టరు తిరగేసింది.

“ఇదే తోటండి! అరవై ఎనిమిదిలోనూ అప్పటి యజమాని లోతుగా తవ్వించి నేలంతా పాడు చేశాడు. కౌలుదారొకాయన ఆ గొయ్యి ఇసకతో పూడ్చి, ఏటా గట్లేసి వాననీళ్ళు ఇంకించాడట. ఏటా వానలు వెలిశాక ఒక సీసా తెచ్చి ఇక్కడ చూపించుకున్నాడు. పన్నెండో సీసా తీపి. ఆ ఏడే జీడి విత్తనాలు నాటాడని రాసుంది.”

“పరాయి నేల కోసం పన్నెండేళ్ళా? ఎవడండీ ఆ వెర్రివాడు?”

ఆవిడ రిజిస్టరుని ఆయన వైపు తిప్పింది.

పన్నెండు వరసల చివరా ఒకటే పేరుంది: ఎజ్రా.