పన్నెండో నంబరు మంచితనం

"కుర్చీలో కూర్చున్నవాళ్ళు నోరు విప్పకూడదు. రూలు అదొక్కటే" అంది ట్రైనరు.

కంటిచుక్కల మందు సీసాల్లో నింపే ఫ్యాక్టరీ అది. పనివాళ్ళలో హుషారు తగ్గిందని ఎవరో పైవాళ్ళ చెవిన వేశారు. జీతాలు పెంచమంటారేమోనని పైవాళ్ళు ముందే తెలివి తెచ్చుకుని, పాజిటివ్ సైకాలజీ చదివిన ఈవిడను పిలిపించారు. సూట్లు విప్పి మళ్ళీ తొడుక్కోవాలంటే సగం పూట అక్కడే గడిచిపోతుంది. అందుకని క్లాసు బట్టలు మార్చుకునే గదిలోనే పెట్టారు. ఆవిడకీ ఒక సూటు తగిలించారు.

సూటంటే కోటూ టైయీ కాదు. తల నుంచి కాళ్ళదాకా తెల్లటి ముసుగు. మూతికి మాస్కు, కళ్ళకు పెద్ద అద్దాలు, చేతులకు గ్లౌజులు, ఛాతీ మీద ఒక నంబరు. లోపల మాట్లాడకూడదు. నోటి తుంపర మందులో పడితే బ్యాచి మొత్తం పారబొయ్యాల్సిందే. అంతా సైగలే. షిఫ్టు అవగానే ఎవరి బస్సు వాళ్ళది, ఎవరి గోల వాళ్ళది. ముక్కూ మొహం తెలియని మనుషులంటామే, ఏళ్ళ తరబడి పక్కపక్కనే నిలబడి పనిచేసే వీళ్ళు అచ్చంగా అలాంటివాళ్ళు.

ఆట ఏమిటంటే, ఒకరు మధ్యలో కూర్చోవాలి. మిగతావాళ్ళు ఆ మనిషిలో తాము చూసిన మంచి చెప్పాలి. చూసిందే చెప్పాలి, ఉబ్బెయ్యకూడదు.

"ముందు ఎవరు?"

"పన్నెండు" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

అతను అదిరిపడ్డాడు. యాభై దాటిన ఒంటరి మనిషి. ఇలాంటి సూట్లలోనే జుట్టు నెరిసింది. భార్య పోయాక మిగిలింది ఒక గది, ఒక కంచం, ఒక గ్లాసు. ఆ పొద్దున తన గదికి తాళం వేసుకుంటుంటే ఎదురింటాయన "ఎవరు కావాలండీ?" అని అడిగాడు. ఇక్కడే ఉంటానండీ అని చెప్పుకోవాల్సి వచ్చింది. తనొకడున్నాడని ఒక్కరికైనా తెలిస్తే చాలుననేది అతని కోరిక. పెద్ద కోరికేం కాదు. అదీ తీరలేదు.

పిలిచి పీట వేసినట్టు కుర్చీలో కూర్చోబెట్టారు.

"నేను..." అంటూ చెయ్యెత్తాడు.

"ఊహూ, రూలు" అంది ట్రైనరు. "మనతో ఇదే చిక్కు. ఎవరైనా మెచ్చుకుంటే చాలు, అబ్బే నేనేం చేశానండీ అంటాం. మెప్పు పుచ్చుకోవడం కూడా నేర్చుకోవాలి."

చెయ్యి దించేశాడు.

ఏడో నంబరు అమ్మాయి మొదలుపెట్టింది. "ఓసారి నా గ్లౌజు చిరిగింది. నేను చూసుకోలేదు, ఈయన చూశారు. అద్దం అవతలున్న సూపర్‌వైజరుకి చెప్పొచ్చు. చెప్పలేదు. వేలితో చూపించి, నేను మార్చుకొచ్చేదాకా నా ట్రేలు కూడా తనే చూసుకున్నారు. లేకపోతే ఆ రోజే నా ఉద్యోగం ఊడేది."

తొమ్మిదో నంబరు గొంతు సవరించుకున్నాడు. "మధ్యాహ్నమైతే నాకు కునుకొస్తుంది. ఈయన బల్ల మీద వేలితో టకటకలాడిస్తాడు. మా ఆవిడ కూడా ఇంత ఓపిగ్గా లేపదు."

అందరూ నవ్వారు. పన్నెండు మళ్ళీ చెయ్యెత్తాడు.

"అది నేను కాదండీ." మాస్కులోంచి సగమే వినబడింది.

"చూశారా, ఎప్పుడూ ఇంతే" అన్నాడు తొమ్మిది. "థాంక్సని సైగ చేసినా, నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు."

నాలుగో నంబరు లేచింది. అక్కడి ఆడవాళ్ళలో పెద్దావిడ.

"మా అమ్మ పోయి వారం తిరక్కుండానే పనికొచ్చాను. సెలవు దొరకలేదు. లోపల ఏడుపొచ్చింది. ఈ అద్దాల్లో ఏడిస్తే తుడుచుకోడానికి లేదు కదా, ఏమీ కనబడలేదు. ఈ అన్నయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. ఆ పూటంతా నా చేతిలో పని కూడా తనే లాక్కుని చేశాడు. తోడబుట్టినవాళ్ళు కూడా అంతసేపు నా పక్కన లేరు." ఆవిడ అతని వైపు తిరిగింది. "నువ్వంటే మా అందరికీ ఎంత ఇష్టమో ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు అన్నయ్యా. తప్పు మాదే."

అన్నయ్య అనే పిలుపు విని ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. కళ్ళద్దాల లోపల మసక కమ్మింది. తుడుచుకోడానికి లేదు. ఏదో చెప్పాలని నోటిదాకా వచ్చింది కానీ, ఆ మాటలు వదులుకోడానికి మనసొప్పలేదు. మింగేశాడు.

సూపర్‌వైజరు అద్దం మీద కొట్టి, టైమైందని గడియారం చూపించాడు. అందరూ లేచారు. నాలుగో నంబరు మాత్రం కదల్లేదు.

"భోజనాల దగ్గర ఎప్పుడైనా పిలుద్దామంటే, ఏ మొహం నీదో తెలిస్తేగా? రేపట్నించి మా బల్ల దగ్గరే తినాలి. లోపలికెళ్ళేముందు ఎలాగూ మాస్కు మార్చాలిగా, తియ్యి. ఒక్కసారి చూడనీ."

అతను తటపటాయించాడు. తర్వాత ముసుగు వెనక్కి తోసి, అద్దాలు తీసి, మాస్కు కిందికి లాగాడు. నెరిసిన జుట్టు, తడిసిన బుగ్గలు. ఆవిడ తేరిపార చూసింది.

"నేననుకున్న మొహమే" అంది తృప్తిగా.

అతను అవునన్నట్టు తలూపాడు.

తనను పట్టించుకునే దిక్కే లేదిక్కడ అని విసిగి పాత పన్నెండు మొన్న శుక్రవారం ఉద్యోగం మానేసి వెళ్ళిపోతే, ఖాళీ అయిన ఆ సూటును ఇతనికి ఇచ్చింది ఈ వేళ పొద్దున్నే.