డబ్బా గింజల కూర

"ధర్మపురి అంగడి నిండ కూరగాయలుండంగ, మస్కట్ నుంచి గీ డబ్బ గింజలు మోసుకొచ్చినవా? మన బర్రె గూడ మూతి పెట్టది!" అంది నవత మొగుడితో.

కరుణాకర్ డబ్బా అంచును వాకిట్లోని బండకు అరగదీసి, చూడకుండానే మూత ఊడదీశాడు. ఉల్లిగడ్డ, కారం అందులోనే వేసి, డబ్బాను పొయ్యి మీద పెట్టాడు.

"ఇంట్ల గిన్నెలు లేవా? అడుక్కతినేటోని లెక్క, గదేం ఆదత్!"

"మస్కట్ల రూంల గిట్లనే వండుకుంటుంటిమి. జల్ది అయితది, అగ్గువ గూడ."

"రోజూనా?"

"రోజూ."

"మరి ఫోన్ల బిర్యానీ తిన్న అంటివి?"

"గక్కడ అందరం గట్లనే చెప్తం."

నవత పట్టుకారుతో డబ్బా దించి, గింజలను పళ్లెంలోని అన్నం మీద కుమ్మరించింది. "కూసోని మనిషి లెక్క తిను," అని కసిరి, తానూ ఓ ముద్ద నోట్లో పెట్టుకుంది.

"థూ, గిదొక కూరనా!" అంటూనే మరో ముద్ద కలుపుకుంది.