బక్కమ్మ ఊరేగింపు పాట

సాయంత్రం నాలుగింటికి పూలబండి కదలాలి. పొద్దున పదకొండు దాటినా శ్యాంసుందర్ పాట ఇంకా సగంలోనే ఉంది.

ఊరేగింపు బక్కమ్మది. మొన్న దసరాకు తొంభై నిండిన మనిషి. ఆమె కొడుకు శ్యాంసుందర్ అంటే మడికొండలోనే కాదు, అటు నర్సంపేట దాకా తెలియనివాళ్లు లేరు. నలభై ఏళ్లుగా జనాన్ని ఆడించే పాటలు కడుతున్నాడు మరి. అందుకే తల్లి పోయినేడే గట్టిగా చెప్పి పెట్టింది.

"నా ఊరేగింపుల ఒక్కలు గూడ నిలబడొద్దు కొడకా. ముసలోళ్లు, పోరగాళ్లు, అల్లుండ్లు, అందరు ఆడాలె. ఒక్కడు నిలబడ్డా నీ పాట పాటే గాదు."

చెప్పొద్దూ, కొడుకు కట్టిన ఏ పాటనూ ఆమె పూర్తిగా మెచ్చుకున్న పాపాన పోలేదు.

వయసులో ఉన్నప్పుడు అతను డిస్కో కట్టాడు. ఒక చిన్న కీబోర్డు, ఒక ఎకో పెట్టె, ఒంటి మీద తళుకుల చొక్కా. క్యాసెట్లు వేడివేడి మిర్చీల్లా అమ్ముడుపోయాయి. బక్కమ్మ మాత్రం బియ్యం చెరుగుతూ, "చెవులకైతే వచ్చిందిరా. కాళ్లకు రాలే" అంది.

పట్టుదలకొద్దీ డిస్కోలోకి డప్పు దించాడు. తీన్మార్ అయింది. బక్కమ్మ చాట పక్కనపెట్టి నాలుగడుగులు వేసింది. వేసి, "మొగోళ్లు ఎగురుతాండ్లు సరే. మరి మేమేడ ఆడాలె?" అంది. కోలాటం కలిపాడు. ఇంతలో డీజేలొచ్చాయి. మనిషెత్తు డబ్బాలు తెచ్చి వాకిట్లో మోగిస్తే, అటక మీది ఇత్తడి బిందె దొర్లుకుంటూ వచ్చి కింద పడింది.

"గిన్నెలైతే మంచిగనే ఆడుతున్నయి. మనుషులేరిరా?" అంది బక్కమ్మ.

ఇప్పుడు శ్యాంసుందర్ పక్కన లాప్‌టాప్ పట్టుకుని అతని మనవరాలు స్రవంతి కూర్చుంది. ఆమెదీ అదే పిచ్చి, కాకపోతే ఈకాలపు దుబ్బు దుబ్బు మోతలు.

"తాతా, డిస్కో ఇప్పుడెవలింటరు? తీసెయ్ జర."

"నీ దుబ్బు దుబ్బుకు మా బావ నడుము కదులుతదా? ఆయన అంగీ ఇస్త్రీ గూడ నలగది!"

బావ అంటే బక్కమ్మ అల్లుడు రాజేశ్వర్ రావు. వర్ధన్నపేటలో హెడ్మాస్టరుగా రిటైరైనవాడు. తన పెళ్లి బరాత్‌లో కూడా చేతులు కట్టుకుని నిలబడిన ఘనుడు. శ్యాంసుందర్ ఫికరంతా ఆయన గురించే.

ఎదురింటి ప్రేమలత గ్లాసుల మీద గ్లాసులు టీ పంపుతోంది. వాకిట్లో డప్పు కొట్టే రాయమల్లు మంట మీద డప్పులు కాగబెడుతున్నాడు. చుట్టాలు దిగుతూనే ఉన్నారు. ఒంటిగంటైంది. స్రవంతి ఒక్కసారిగా ఎగిరి గంతేసింది.

"తాతా! తాతమ్మ తిట్లు నా ఫోన్ల ఉన్నయి!"

ఇక చూడాలి వాళ్లిద్దరి హడావిడి. అడుగున డిస్కో పరిచారు. పైన రాయమల్లు డప్పు, దాని వెంట కోలాటం. నడుమ స్రవంతి దుబ్బు దుబ్బు. సరిగ్గా జనం ఊపులో ఉన్నప్పుడు అంతా ఆగిపోవాలి, ఆ సందులో బక్కమ్మ గొంతు రావాలి.

నాలుగింటికి బండి కదిలింది. కొత్త పట్టుచీరలో, మెడనిండా బంతిపూల దండలతో బక్కమ్మ మహారాణిలా ఉంది.

డిస్కో మొదలవగానే అరవై దాటినవాళ్లు కాలర్లెత్తి, వేళ్లు ఆకాశానికి చూపిస్తూ దూకారు. డప్పుకు గల్లీ గల్లీ కదిలింది. ఆడవాళ్లు కోలాటానికి గుండ్రంగా తిరిగారు. టీ తాగడానికి ఐటీ పార్కులోంచి బయటికొచ్చిన పిల్లలు కూడా మెడలో కార్డులు ఊపుకుంటూ కలిశారు.

రాజేశ్వర్ రావు మాత్రం అరుగు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

శ్యాంసుందర్ అది చూశాడు. సరిగ్గా అప్పుడే పాట ఆగింది. డబ్బాల్లోంచి బక్కమ్మ గర్జించింది.

"ఎవడ్రా ఆ నిలబడ్డది? కాళ్లు ఇంట్ల మర్శిపోయి వచ్చినవా?"

రాజేశ్వర్ రావు ఉలిక్కిపడ్డాడు. కట్టుకున్న చేతులు ఊడిపోయాయి. దుబ్బుమని మోత అందుకుంది. ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఒక భుజం ఎగిరింది. తర్వాత రెండోది. ఆ తర్వాత మనిషే ఎగిరాడు.

"సారు ఆడుతాండు! సారు ఆడుతాండు!"

భార్య అనసూయ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, నవ్వాపుకోలేక ఆయన చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పింది. వీధిలో ఒక్క కాలు నేల మీద నిలవలేదు.

శ్యాంసుందర్ బండి వైపు తిరిగి గొంతు చించుకున్నాడు.

"అవ్వా! ఒక్కడన్న నిలబడ్డడా? ఇగ చెప్పు, ఏం తక్కువైంది?"

ఊరి చివర దింపుడుకల్లం రాగానే పాట ఆపించి, బండి మీంచి పాడెను నేలకు దించాక, అతను తల్లి చెవి దగ్గరికి వంగి "అవ్వా" అని మూడుసార్లు పిలిచాడు.