జానెడు ఎక్కువ పొడుగు స్కీలు

"అమ్మా, ముందా స్కీలు కింద పెట్టు!"

గుమ్మంలోంచే అరిచాడు సెవెరిన్. బూట్లకంటిన మంచు దులుపుకోవడం కూడా మరిచిపోయాడు. మైనం పట్టించడానికిచ్చిన కూతురి స్కీలని తీసుకెళ్దామని రోమెడ్ దుకాణానికొచ్చాడతను. తీరా చూస్తే లోపల, డెబ్బై దాటిన తల్లి ఫిలొమేనా, మంచు మీద జారడానికి వాడే, తనకన్నా జానెడు పొడుగున్న స్కీల జతని గోడకానించి పట్టుకుని, సంతలో ఆవుని బేరమాడేదానిలా ఎగాదిగా చూస్తోంది.

"వచ్చావా, మంచి పనైంది," అందావిడ తల తిప్పకుండానే. "ఈ స్కీ ముక్కు గట్టిగా పట్టుకో. ఎంత వంగుతుందో చూడాలి."

"నేను పట్టుకోను. ఒరే రోమెడ్, నీకైనా బుద్ధుండక్కర్లా? నాన్న పోయిన దగ్గర్నించీ ఈవిడ నా మాట వినడం మానేసింది. నువ్వు కూడా వంత పాడితే ఎలాగరా?"

రోమెడ్, సెవెరిన్ ఒకే బడిలో చదువుకున్నారు. "నన్నంటావేంట్రా?" అన్నాడు రోమెడ్, వేళ్ళకంటిన మైనం గీక్కుంటూ. "పొట్టివి, మెత్తటివి, ఆడవాళ్ళకి తేలిగ్గా ఉండేవి ఎన్ని చూపించానో! 'ఇవి కంచె కట్టుకోడానికి పనికొస్తాయి' అని తోసేసింది మీ అమ్మ."

"మరి? అవి చదును చేసిన బాట మీద తప్ప ఎందుకూ పనికిరావు," అంది ఫిలొమేనా. "నాక్కావలసింది కొండంతా తిరిగేవి. పొద్దున్నే గడ్డకట్టిన మంచుని కొరికి పట్టుకోవాలి. మధ్యాహ్నం కొత్త మంచులో తేలాలి. నేను దిగే ప్రతి వాలూ ఈ స్కీలు దిగాలి. మధ్యలో, నడుము దగ్గర అరచెయ్యంత వెడల్పయినా లేకపోతే ఎలా తేలతాయిరా?"

"అమ్మా, నీ వయసులో..."

"ఏం, డెబ్బై దాటితే కాళ్ళ కింద మంచు జారనంటుందా?"

రోమెడ్ పకపకా నవ్వాడు. సెవెరిన్‌కి నవ్వు రాలేదు. కొండ మీద దెబ్బలు తగిలినవాళ్ళని కిందికి దింపడం అతని ఉద్యోగం. విరిగిన కాళ్ళని ఎన్నిటినో చూశాడు. దెబ్బలు తగిలినవాళ్ళని దింపే మంచు బండి మీద, దుప్పట్లో చుట్టి ఉన్న తల్లి కళ్ళ ముందు మెదిలింది.

"ఇంత పొడుగువి తిప్పడానికి ఎంత బలం కావాలో తెలుసా?" అన్నాడు గొంతు తగ్గించి.

"తెలుసు. అందుకే ముక్కు పైకి లేచి ఉన్నవి ఎంచాను, తిప్పడం తేలికవుతుందని. రోమెడూ, అంచులు బాగా పదును పెట్టు. చివర్లు మాత్రం కాస్త మొద్దు చెయ్యి. మలుపులో అడ్డం పడకూడదు."

"అన్నీ చేస్తాను పెద్దమ్మా. బైండింగ్‌దే అసలు సంగతి," అంటూ రోమెడ్ ఒక జత బల్ల మీద పెట్టాడు. "బూటుని పట్టి ఉంచేది ఇదే, పడ్డప్పుడు వదిలేసేదీ ఇదే. పట్టుకోవలసినప్పుడు పట్టుకోవాలి, వదలాల్సినప్పుడు వదలాలి. రెంట్లో ఏది తప్పినా కాలికి ముప్పు."

"మా వాడికి పట్టుకోవడం ఒక్కటే వచ్చు," అంది ఫిలొమేనా.

ఆ మాట సెవెరిన్‌కి సూటిగా తగిలింది. తల్లి మొహంలోకి చూశాడు. చలికి ఎర్రబడ్డ బుగ్గలు, మిలమిలలాడే కళ్ళు. ఆవిడనింత హుషారుగా చూసి ఎన్నాళ్ళయింది! కిటికీ పక్కన కూర్చుని, సూప్ చల్లారిపోయేదాకా వీధిలోకి చూస్తుండే మనిషి ఈవిడేనా అనిపించింది. కోపం మంచులా కరిగింది.

"సరే. కొనుక్కో," అన్నాడు నిట్టూరుస్తూ. "కానీ ఒక్క షరతు. ఒంటరిగా కొండెక్కడానికి వీల్లేదు. పక్కన ఎవరో ఒకరు తోడుండాలి."

ఫిలొమేనా మొదటిసారిగా స్కీల మీంచి చూపు తిప్పింది. "తోడుంటే నీకేం అభ్యంతరం లేదా?"

"లేదు."

"తర్వాత మాట మార్చవు కదా?"

"మార్చనమ్మా! అసలు నేను కోరేదే అది."

"రోమెడూ, విన్నావుగా?"

"రెండు చెవులా విన్నాను పెద్దమ్మా," అన్నాడు రోమెడ్. "ఇక బూట్లివ్వు. వాటి అడుగు పొడవు కొలిచి, బైండింగ్ బిగించేస్తాను."

ఆవిడ బల్ల కిందనుంచి సంచీ ఒకటి ఎత్తి బోర్లించింది. రెండు నల్ల బూట్లు దభీమని పడ్డాయి. ఒక్కోటీ చిన్న పడవంత ఉంది. రోమెడ్ ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ పాదాల వంక చూశాడు. మళ్ళీ బూటు వంక చూశాడు. ఏమనుకున్నాడో, మీసాల్లో నవ్వుకుని పెన్సిలు అందుకున్నాడు.

"బరువెంత పెద్దమ్మా?"

"ఎనభై నాలుగు కిలోలు. ఎత్తు నూట ఎనభై సెంటీమీటర్లు. వయసు డెబ్బై మూడు."

సెవెరిన్ ఉలిక్కిపడ్డాడు. "అమ్మా! నువ్వు తడి బట్టలతో తూగినా అరవై దాటవు!"

"నా బరువెవరడిగార్రా? నా స్కీలు ఇంట్లో నిక్షేపంలా ఉన్నాయి," అంది ఫిలొమేనా, జుట్టు సర్దుకుంటూ. "వెళ్ళి, నాకు తోడొచ్చే ఆయన్ని లోపలికి పిలుచుకురా. పాపం, బయట కార్లో వణికిపోతూ కూర్చున్నాడు. చలికి కాదు, నీకు."